టిక్కు పెట్టిన కారు

ఆ శనివారం పొద్దున మాస్టారు వేసుకున్న పథకం చాలా చిన్నది. తొమ్మిదింటికి పాత బండ్ల యార్డుకు వెళ్ళాలి, కారు వెనక ఎడమ లైటుకు ఎర్ర అద్దం వెతకాలి, పన్నెండుకల్లా ఇంటికి వచ్చి దాన్ని బిగించాలి, మూడింటికి స్నానం చేసి ఇస్త్రీ చొక్కా వేసుకోవాలి, నాలుగింటికి అదే కారులో కళ్ళాసుపత్రికి వెళ్ళి అత్తగారిని ఇంటికి తీసుకురావాలి. ముప్పై ఆరేళ్ళు పిల్లలకు లెక్కలు చెప్పిన మనిషి కాబట్టి మధ్యలో ఒక పావుగంట మిగిలేట్టు కూడా చూసుకున్నారు. ఆ పావుగంట ఎటుపోయిందో ఎవరికీ తెలియదు గానీ, దానితో పాటు ఇంకా చాలా పోయాయి.

ముందు ఆ కారు సంగతి చెప్పుకోవాలి. అది మాస్టారి మామగారిది. కూతురు పుట్టకముందే ఆయన దాన్ని ఎవరికో అమ్మేశారు. ఇంట్లో మిగిలింది ఒక నలుపు తెలుపు ఫోటో. కారుకు కుడిపక్కన కొత్త పెళ్ళికూతురుగా అత్తగారు, స్టీరింగు ముందు కోటు వేసుకుని మామగారు, ముందు నంబరు పలక. పదకొండేళ్ళ కిందట, రిటైరైన నెలలోనే, మాస్టారు తన స్కూటరుకు అద్దం కోసమని యార్డుకు వెళ్ళి, ముళ్ళకంపలో సగం మునిగిన ఒక డొక్కు మీద ఆ నంబరే చూశారు. అక్కడికక్కడే బేరమాడి కొనేశారు. అప్పటికి మామగారు పోయి నాలుగేళ్ళు.

ఆ రోజు నుంచి ఆ కారే ఆయన సంసారం. తుప్పు గీకితే లోపల క్రీమురంగు బయటపడింది. ఎడమవైపు ముందు తలుపు అసలు లేనే లేదు, దానికోసమే రెండేళ్ళు ఊళ్ళు పట్టుకుని తిరిగారు. ఒక్కో ముక్కా ఒక్కో యార్డులో వెతికి తెచ్చి, అరగదీసి, రంగు వేసి, పెరట్లో రేకుల షెడ్డులో దాన్ని నిలబెట్టారు.

ఈ లోపల అత్తగారికి ఎనభై నాలుగేళ్ళు వచ్చాయి. ఒక కంటిచూపు ఎప్పుడో పోయింది. ఉన్న ఒక్క కంటికీ పొర కమ్మింది. ఆపరేషన్ అంటే మూడేళ్ళు ససేమిరా అన్నారు. "ఈ వయసులో కొత్తగా చూడాల్సింది ఏముంది నాయనా" అనేవారు. చివరికి ఒక షరతు మీద ఒప్పుకున్నారు.

"కట్టు విప్పాక మొట్టమొదట మా ఆయన కారే చూస్తాను అల్లుడుగారూ. అది వచ్చి ముందు నిలబడితేనే కన్ను తెరుస్తాను. లేకపోతే తెరవను" అన్నారు.

"నాది పూచీ అత్తయ్యగారూ" అన్నారు మాస్టారు. అన్నాక ఇక తప్పేదేముంది.

ఆ శనివారం పొద్దున ఆయన భార్య ఆసుపత్రికి బయల్దేరుతూ షెడ్డులోకి తొంగి చూసింది. కారు నిండా సుద్ద గీతలు. తలుపు తలుపుకీ ఒక టిక్కు, బానెట్‌కి ఒక టిక్కు, లైట్లకి, హారన్‌కి, సీట్లకి, బంపర్లకి అన్నింటికీ తోక బారెడున్న టిక్కులు. బాగా బిగించినట్టు తనకు తృప్తి కలిగిన ప్రతిదానికీ మాస్టారు టిక్కు పెట్టుకుంటూ వచ్చారు.

"ఏవండీ, ఇవి తుడవరా? మా నాన్నగారి కారు ఆరో తరగతి జవాబుపత్రంలా ఉంది."

"ఇంకా రెండు మిగిలాయి. ఎర్ర అద్దం ఒకటి, ఇంజను ఒకటి. ఇంజనుకి పరీక్ష ఇవాళే. ఆసుపత్రికి వెళ్ళొచ్చిందంటే దానికీ టిక్కు పెట్టి, అన్నీ ఒకేసారి తుడుస్తా."

లెక్క పూర్తి కాకుండా బోర్డు తుడిచే అలవాటు ఆయనకు సర్వీసులోనే లేదు. భార్య నిట్టూర్చి వెళ్ళిపోయింది. అద్దం కొలత కుదిరిందో లేదో అక్కడే చూసుకోవచ్చని మాస్టారు కారునే యార్డుకు తీసుకుపోవాలనుకున్నారు. పదకొండేళ్ళలో అది గేటు దాటడం అదే మొదలు. తోడుగా బావమరిదిని ఎక్కించుకున్నారు. బావమరిది మంచివాడు. చెప్పిన పని తు.చ. తప్పకుండా చేస్తాడు. చెప్పనిది మాత్రం ఊహించడు.

"నువ్వు చెయ్యాల్సింది ఒక్కటే. నేను వచ్చేదాకా కారు దగ్గర నుంచి కదలకు" అన్నారు మాస్టారు.

"చచ్చినా కదలను బావగారూ" అన్నాడు అతను.

ఆ యార్డు పద్ధతి ఒకటి తెలుసుకుంటే గానీ తర్వాత జరిగింది అర్థం కాదు. దాన్ని నడిపే ఆవిడను అందరూ పెద్దమ్మ అంటారు. గేటు పక్కన పాత బస్సు డ్రైవరు సీటు వేయించుకుని, అందులో కూర్చుని వచ్చేపోయేవాళ్ళను చూస్తూ ఉంటుంది. విప్పే పని చేసే మనిషి పేరు అరగంట. ఎంతటి బండినైనా అరగంటలో అస్థిపంజరం చేస్తాడని ఆ పేరు. పూర్వం అక్కడ, ఈ తలుపు నాదంటే నాదని కొనేవాళ్ళు రోజూ కొట్టుకునేవారు. అది చూడలేక మాస్టారే ఒక ఉపాయం చెప్పారు. ఎవరికి ఏ వస్తువు కావాలో దాని మీద సుద్దతో టిక్కు పెట్టుకోవాలి. అరగంట వెనకాలే వచ్చి టిక్కు ఉన్నది విప్పి గేటు దగ్గరికి చేర్చాలి. అప్పటి నుంచి గొడవల్లేవు. యార్డులో టిక్కు అంటే రాజముద్ర.

తొమ్మిదింటికి కారును గేటు బయట చెట్టునీడన ఆపి, మాస్టారు లోపలికి వెళ్ళారు. ఎప్పటిలాగే పెద్దమ్మ సీటు వెనకనున్న కుక్కగూటి తలుపుకు చేతిసంచి తగిలించారు. ఆ కుక్కను సెక్యూరిటీ అని పిలుస్తారు. అది ఒకసారి మొరిగి, అలవాటైన మనిషే కదా అని మళ్ళీ పడుకుంది. ఆయన వరసలు వరసలుగా ఉన్న డొక్కుల మధ్య నుంచి యార్డు చివరికి నడిచి వెళ్ళిపోయారు.

పావుగంటకు ఒక లారీ వచ్చింది. "ఓ పెద్దాయనా, బండి తియ్యి, లోపలికి పోవాలి" అని డ్రైవరు హారన్ కొట్టాడు. బావమరిది కారు తీసి, ఎండ పడకుండా గేటు లోపల రేకుల కిందకు చేర్చి, పద్ధతిగా వెనక సీట్లో కూర్చున్నాడు. అది విప్పే షెడ్డని అతనికి ఎవరూ చెప్పలేదు.

అవతల మాస్టారు మూడున్నర గంటలు వెతికారు. ఇనప రేకులు ఎత్తారు, బోల్టుల గుట్టలు తిరగేశారు, మోకాళ్ళ మీద పాకారు. పన్నెండున్నరకు ఒక నుజ్జయిపోయిన వ్యాను కింద, మట్టిలో, ఎర్రగా ఏదో మెరిసింది. తీసి తుడిచి ఎండలో పట్టి చూశారు. చిన్న గీత కూడా లేదు. తొలిసారి తండ్రి అయినప్పుడు కూడా ఆ మనిషి అంత మురిసిపోలేదు. అద్దాన్ని చేతిరుమాల్లో చుట్టుకుని గేటు వైపు పసిపిల్లను మోసుకొస్తున్నట్టు నడిచారు.

గేటు దగ్గర పెద్దమ్మ సీట్లోంచే నవ్వుతూ పలకరించింది. "ఇవాళ బాగానే ఏరారు మాస్టారూ. ఎప్పుడూ ఒకటీ రెండూ పట్టుకెళ్ళే మనిషి. చూడండి, మీవన్నీ గోనెసంచులు పరిచి మరీ పేర్పించాను."

చూస్తే అక్కడ ఒక గుట్ట. క్రీమురంగు తలుపులు, క్రీమురంగు బానెట్, తళతళలాడే బంపర్లు, గుండ్రటి లైటు.

మాస్టారు నిలబడిపోయారు. "ఇవి ఎక్కడివి తల్లీ? ఈ బంపరు కోసం నేను నాలుగేళ్ళు తిరిగాను. ఆ హారన్ చూడండి, అచ్చం నాదానిలాగే ఉంది. ఎవరో మహానుభావుడు ప్రాణం పెట్టి చేసుకున్న కారు. విప్పడానికి మీకు చేతులెలా వచ్చాయండీ" అన్నారు. అంటూనే వంగి ఒక తలుపును ఆప్యాయంగా నిమిరారు. పాలిష్ చేసినవాడి ఓపికకు మనసులో దండం పెట్టుకున్నారు.

గుట్ట అవతల, విప్పిన వెనక సీటు మీద కాలుమీద కాలేసుకుని బావమరిది టీ తాగుతున్నాడు.

"ఆ సీటు చూశావా, అచ్చం మనదానిలాగే కుట్టారు" అన్నారు మాస్టారు.

"మనదే బావగారూ" అన్నాడు బావమరిది.

మాస్టారు రేకుల షెడ్డు వైపు తల తిప్పారు. అక్కడ నాలుగు చక్రాలు, ఒక ఇంజను, ఒక స్టీరింగు, మధ్యలో ఖాళీ. ఈకలు పీకిన కోడి కూడా కాస్త మర్యాదగా ఉంటుంది. ఆయన దాని చుట్టూ ఒకసారి తిరిగి వచ్చారు. చేతిలోని ఎర్ర అద్దం మాత్రం జారనివ్వలేదు.

"నిన్ను కదలొద్దన్నానుగా" అన్నారు బావమరిదితో.

"నేను కదలలేదు. కారే కదిలిపోయింది, ముక్కముక్కగా. ఈయన వచ్చి, అన్నా కాస్త లేవండి సీటు విప్పాలి అన్నాడు. మీరు చెప్పారేమో అనుకుని ముందు సీట్లోకి మారాను. అదీ విప్పాలన్నాడు. లేచి తలుపు పట్టుకుని సాయం చేశాను."

అరగంట పానా పట్టుకుని ముందుకు వచ్చాడు. మనిషి ముఖంలో గర్వం. "మీ టిక్కు నాకు తెలియదా సార్? తోక చూసి చెప్పేస్తాను. ఇరవై రెండు టిక్కులు. ఇరవై ఏడు నిమిషాల్లో ఊడదీశాను. ఇంజనుకి టిక్కు లేదు, ముట్టుకోలేదు."

అప్పుడు మాస్టారి ఫోను మోగింది. భార్య.

"ఏవండీ, అమ్మకి కట్టు విప్పారు. కన్ను మూసుకునే కూర్చుంది. డాక్టరుగారు తెరవమంటే, మా అల్లుడు రానీ అంటోంది. అద్దం దొరికిందా?"

"అద్దం దొరికింది" అన్నారు మాస్టారు. అంతవరకూ నిజమే.

ఫోను పెట్టేసి అరగంట వైపు తిరిగారు. "నాయనా, ఇరవై ఏడు నిమిషాల్లో విప్పావు. ఎన్ని నిమిషాల్లో బిగిస్తావు?"

అరగంట ముఖం పాలిపోయింది. "బిగించడమా సార్? ఇరవై ఏళ్ళుగా ఇక్కడ ఒక్కటి కూడా బిగించలేదు. అది నాకు రాదు."

చొక్కా చేతులు మడిచి మాస్టారు నేల మీద సుద్దతో బొమ్మ గీశారు. ఏది ముందు, ఏది వెనక, ఏ బోల్టు ఎటు తిరగాలి అని పాఠం మొదలుపెట్టారు. అరగంట పానా చేతిలో పట్టుకుని ఆరో తరగతి పిల్లవాడిలా తలూపాడు. బావమరిది బోల్టులు అందించాడు. పెద్దమ్మ సీట్లోంచి లేచి వచ్చి బానెట్ ఒక వైపు పట్టుకుంది. ఆవిడ లేవడం యార్డులో చాలామంది అదే మొదటిసారి చూడటం. రెండింటికల్లా సీట్లు కూర్చున్నాయి, బానెట్ మూసుకుంది. వెనక బంపరు ముందుకీ, ముందు బంపరు వెనక్కీ వెళ్ళాయి, వాటిని అలాగే వదిలేశారు. తలుపుల దగ్గరికి వచ్చాక మాస్టారు లెక్కపెట్టారు. మళ్ళీ లెక్కపెట్టారు.

"మూడే ఉన్నాయే. ముందు ఎడమది ఏది? లైటు కూడా ఒక్కటే ఉంది."

పెద్దమ్మ కొంగు సర్దుకుంది. "అదీ... మీరు లోపల ఉండగా ఒకాయన వచ్చాడు. కాఫీ హోటలు పెడుతున్నాడట, గోడకి తగిలించుకోవడానికి పాత కారు తలుపూ లైటూ కావాలన్నాడు. మీ టిక్కు ఉందయ్యా అన్నాను. పక్కనే తనూ ఒక టిక్కు పెట్టాడు. మీదాని కంటే పెద్దది. టిక్కు మీద టిక్కు పడితే ఏం చెయ్యాలో మీరు చెప్పలేదు కదా మాస్టారూ."

ఆ హోటలాయనకు ఫోను చేస్తే ఎత్తలేదు. ఇంతలో భార్య ఫోను మళ్ళీ వచ్చింది.

"ఏవండీ, ఎక్కడిదాకా వచ్చారు? అమ్మ కన్ను తెరవకపోయేసరికి ఆపరేషన్ పాడైందేమోనని ఇంకో డాక్టరుని పిలిచారు. ఇద్దరూ చుట్టూ నిలబడి బతిమాలుతున్నారు. నాలుగున్నర దాటితే ఇక్కడ ఎవరూ ఉండరట. నాకు కాళ్ళూ చేతులూ ఆడట్లేదు."

"బయల్దేరుతున్నాం" అన్నారు మాస్టారు. అత్తగారు కూర్చోవాల్సింది ఆ ముందు ఎడమ సీట్లోనే. తలుపు లేని సీట్లో ఎనభై నాలుగేళ్ళ మనిషిని ఎలా కూర్చోబెడతారు? ఆయన ఒక టైరు మీద కూలబడి, తల పట్టుకున్నారు. పదకొండేళ్ళలో ఎవరూ ఆయన్ను అలా చూడలేదు.

అరగంట మెల్లగా దగ్గరికి వచ్చాడు. "సార్, ఈ కారుకి సరిపోయే ఎడమ తలుపు యార్డులో ఇంకొకటి ఉంది. కాకపోతే..." అని కుక్కగూటి వైపు చూపించాడు.

మాస్టారు తల ఎత్తారు. ఆకుపచ్చ రంగు, సొట్టలు, తన చేతిసంచి. అది కారు తలుపేనని ఆయన అప్పుడే గమనించారు. కుక్కగూటికి ఉన్నది కుక్కగూటి తలుపే కదా అని ఇన్నేళ్ళూ అనుకున్నారు. తలుపు ఇవ్వడానికి సెక్యూరిటీ మాత్రం ఒప్పుకోలేదు. అరగంట పానా పెట్టగానే పళ్ళు చూపించింది. చివరికి తలుపు ఊడదీసి కారుకు బిగించాక, తలుపు ఎక్కడుంటే నేనూ అక్కడే అన్నట్టు అదీ ఎక్కి ముందు సీట్లో కూర్చుంది. దింపే టైము లేదు.

నాలుగుంబావుకు ఆ కారు కళ్ళాసుపత్రి ముందుకు వచ్చింది. ముందువైపున వెనక బంపరు, ఒంటి లైటు, మూడు క్రీమురంగు తలుపులు, ఒక ఆకుపచ్చ తలుపు, అన్నింటి మీదా చెరిగీ చెరగని టిక్కులు, కిటికీలోంచి నాలుక చాపిన కుక్క. మసి కొట్టుకున్న చొక్కాతో మాస్టారు దిగారు. ఆఖరి నిమిషంలో బిగించిన ఎర్ర అద్దం ఒక్కటి మాత్రం వెనక ధగధగా మెరుస్తోంది, ఎవరూ చూడని చోట.

వరండాలో చక్రాల కుర్చీలో అత్తగారు కన్ను గట్టిగా మూసుకుని కూర్చున్నారు. ఇద్దరు డాక్టర్లు చెరోపక్క నిలబడ్డారు. మాస్టారి భార్య కారును చూసింది. పైనుంచి కిందికి, కిందినుంచి పైకి చూసింది. పొద్దున షెడ్డులో చూసిన కారు ఇదేనని నమ్మడానికి ఆవిడకు కొంత సేపు పట్టింది.

"వచ్చిందా?" అన్నారు అత్తగారు. "చప్పుడు వినపడింది. తెరవనా?"

"వద్దమ్మా, తెరవకు" అంది కూతురు కంగారుగా.

పెద్ద డాక్టరు విస్తుపోయాడు. "ఇదేమిటమ్మా? మధ్యాహ్నం నుంచి తెరవమని మీరే కదా ఏడుస్తున్నారు."

"అత్తయ్యగారూ, ఒక్క మాట. నావల్ల పొరపాటు జరిగింది. ఇవాళ్టికి ఆటోలో వెళదాం. నెల రోజులు టైమివ్వండి, మామగారి కారును మళ్ళీ..." అంటూ మాస్టారు కారుకు అడ్డంగా నిలబడ్డారు.

అత్తగారు కన్ను తెరిచారు.

చాలాసేపు చూశారు. తర్వాత కుర్చీలోంచి లేచి, ఎవరి చెయ్యీ పట్టుకోకుండా నాలుగడుగులు వేసి ఆకుపచ్చ తలుపు దగ్గరికి వెళ్ళారు. కిటికీలోంచి చెయ్యి లోపలికి పెట్టి, కుక్క నాకుతున్నా పట్టించుకోకుండా, లోపలి పిడిని తడిమారు. దానికి నల్లబడిన రాగితీగ దగ్గరదగ్గరగా చుట్టి ఉంది.

"ఇది మా ఆయన చుట్టిన తీగ" అన్నారు అత్తగారు. "పిడి జారుతోంది, చేతికి గుచ్చుకుంటోంది అంటే నాకోసం చుట్టారు. ఇదెక్కడ దొరికింది అల్లుడుగారూ?"

మాస్టారు కుక్క వైపు చూశారు.

"కారు కొన్న వారానికే తలుపు తెరిచిపెట్టి వెనక్కి నడిపి, గేటు స్తంభానికి తలుపు ఊడగొట్టేశారు. ఇలాంటి యార్డుకే వెళ్ళి ఈ పచ్చది తెచ్చారు. రేపు రంగు వేయిస్తానన్నారు. ఆరేళ్ళూ రేపే అన్నారు. ఆ తర్వాత కారే అమ్మేశారు. ఫోటో తీయించుకుంటే కుడిపక్కనే నిలబడమన్నారు, ఇది పడకుండా. వీధిలో అందరూ మమ్మల్ని పచ్చతలుపు వాళ్ళనేవారు."

"మరి పదకొండేళ్ళలో ఒక్కసారీ చెప్పలేదేం అమ్మా?" అంది కూతురు.

"ఏం చెప్పను? పోయినేడు షెడ్డులోకి తీసుకెళ్ళి చూపించారు. నాకు తెల్లగా మసకమసకగా కనపడింది. అల్లుడుగారు ఎవరిదో అంబులెన్సు బాగుచేస్తున్నారు కాబోలు, దాన్నే చూపించి నన్ను మురిపిస్తున్నారు అనుకున్నాను. ఇంత కష్టపడుతున్న మనిషిని నొప్పించడం ఎందుకని ఊరుకున్నాను. నిజం కారు చూడాలనే ఆ షరతు పెట్టాను." ఆవిడ ముందు వైపు వచ్చి ఒంటి లైటును చూశారు. "దానికీ ఒక కన్నే మిగిలిందా. సరిపోయాం."

చిన్న డాక్టరు ఎదురుగా నిలబడి వేళ్ళు చూపిస్తూ, "ఇవి ఎన్నమ్మా?" అన్నాడు.

"మూడు. ముందు ఆ కుక్కను వెనక్కి జరగమను నాయనా, అది నా సీటు."

ఆదివారం మాస్టారు యార్డుకు వెళ్ళి పెద్దమ్మను నిలదీశారు. ఆవిడ తాపీగా చెప్పింది. "మీ కారుదేనండీ ఆ తలుపు. రంగు కలవలేదని మా ఆయన ఊడదీసి కుక్కగూటికి పెట్టాడు. మీరు వచ్చినప్పుడల్లా క్రీమురంగు తలుపు ఉందా అని అడిగారు, లేదన్నాను. ఆకుపచ్చది ఉందా అని ఒక్కసారీ అడగలేదు."

మాస్టారు సంచి పట్టుకుని నిలబడ్డారు. తగిలించడానికి తలుపు లేదు. ఆ రెండేళ్ళలో వంద సార్లయినా ఆ తలుపుకు సంచి తగిలించి, అలాంటి తలుపు కోసమే లోపలికి వెళ్ళి ఉంటారు. అప్పుడే కాఫీ హోటలాయన క్రీమురంగు తలుపును మోసుకుంటూ వచ్చాడు, గోడకు మరీ పెద్దదైపోయిందట. మాస్టారు జేబులో సుద్దముక్క తీసి, దాని మీద ఉన్న రెండు టిక్కుల పక్కన మూడోది పెట్టబోయి, ఆగి, సుద్దముక్కను పెద్దమ్మ చేతిలో పెట్టేశారు.

రెండేళ్ళు వెతికి తెచ్చి, అరగదీసి, పాలిష్ పట్టిన ఆ తలుపు ఇప్పుడు కుక్కగూటికి ఉంది. సెక్యూరిటీకి మాత్రం అది నచ్చలేదు.